ఆకాశం రాయిలో మన వాటా

“ఆకాశం నుంచి పెద్ద రాయి వస్తాంది. అది భూమికి తగిలే అవకాశం లక్షలో ఒక వంతేనంట. ఆ ఒక్క వంతులో మన సీమకు రావాల్సిన వాటా ఎవురికీ వదిలేది లేదు!”

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండల్లో, ధర్మవరం సభలో మంత్రిగారు ఇలా గర్జించారు. చప్పట్లకు పందిరి మీది మట్టలు రాలాయి. రాయి పడిన ఊరికి ఆఫీసర్లు, లారీలు, మందుగుండు అన్నీ పంపుతానని మాటిచ్చారు.

మందుగుండు అనేసరికి నా పక్కనున్న పెద్దప్ప లేచి నిలబడ్డాడు.

పెద్దప్పది ముదిగుబ్బ దగ్గర మా ఊరే. మా ఊరి ఎండకు రెక్కలు కాలతాయని కాకులు నడిచి పోతాయి. అక్కడ బావి తవ్వుతుంటే బండ అడ్డమొచ్చింది. దాన్ని పేల్చమని ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగి, పాదాలరిగి, మనిషి జానెడు పొట్టివాడయ్యాడు. భార్య పుట్టమ్మ పక్కూరి నుంచి నీళ్ళు మోస్తోంది.

“సామీ, ఆ రాయి మా బాయిలో పడిండాది!” అన్నాడు పెద్దప్ప.

“సార్, అది వచ్చే నెల గదా రావాల్సింది?” అని మంత్రిగారి పక్కనున్న ఆఫీసరు గొణిగాడు.

“మన సీమకు ఏదైనా లేటుగా వస్తాదని ఏడ్చేవాళ్ళు యాడుండారిప్పుడు?” అన్నారు మంత్రిగారు. అంత తెలివి నేనింకెక్కడా చూడలేదు.

జీపులు మా ఊరొచ్చాయి. ఆఫీసరు బావిలోకి తొంగి చూశాడు.

“ఎప్పుడు పడిందయ్యా?”

“మేము తవ్వకముందే సామీ.”

“మరి పడినచోట గుంత ఉండాలే?”

“ఈ బాయే గదా సామీ గుంత!”

మంత్రిగారు గంపలో కూర్చుని బావిలోకి దిగారు. బండకు ధర్మవరం పట్టుశాలువా కప్పి, దండ వేసి, కళ్ళొత్తుకున్నారు.

పైనుంచి పుట్టమ్మ కేకేసింది. “దండలెందుకు సామీ, మందు పెట్టి పేల్చండి! కింద నీళ్ళుండాయి!”

“ఏమమ్మా! అంత దూరం నుంచి మనల్ని వెతుక్కుంటా వచ్చిన దాన్ని పేలుస్తామా?”

వారం తిరక్కుండా బావి చుట్టూ ముళ్ళకంచె వేశారు. తాకితే జైలని బోర్డు పెట్టారు. హిందూపురం నుంచి ఈరన్న అనే కాపలాదారు కూడా దిగాడు.

మరుసటి నెల అసలు రాయి ఆకాశంలో తన దారిన తాను పోయింది. మన ఏర్పాట్లు చూసి జడుసుకుందని మంత్రిగారు పెనుకొండలో సన్మానం చేయించుకున్నారు. నేను కూడా ఒక దండ వేశాను.

ఆ తర్వాత ఒకరోజు కంచె పక్కనుంచి వస్తుంటే ఈరన్న కేకేస్తున్నాడు. “ఏమప్పా పెద్దప్పా, గొంతెండిపోతాంది! నా కడవ కూడా నింపించప్పా!”

పుట్టమ్మ ఇంకో కడవ చంకనెత్తుకుని బయలుదేరింది. దారిలో ఆగి ఆకాశం వైపు చూస్తోంది.

“ఏం చూస్తాండావు పుట్టమ్మా?” అనడిగాను.

“మంత్రిగారు చెప్పిన ఆ ఒక్క వంతు కోసం నాయనా. వస్తే చక్కగా మా బాయిలోకే రావాల.”