గరికకు పట్టిన విదేశీ యోగం

ఒక పెద్ద అడవిలో విశ్వరుచి సంఘం వెలిసింది. అడవి పెద్దదని చెప్పింది ఎన్నడూ దాన్ని దాటి వెళ్లని నెమలి. అదే సంఘానికి అధ్యక్షుడు.

కార్యదర్శి కోతి. ఘాట్ రోడ్డు మలుపులో టూరిస్టులు పారేసిన పిజ్జా అంచులు, నూడుల్సు, మయొనైజు ఏరుకొచ్చి పంచేది. ఒకటి చూపించి "ఇటలీ!" అనేది, ఇంకోటి చూపించి "చైనా!" అనేది. ఎలుగుబంటి కళ్లు మూసుకుని నాకేది. తేనె మాటెత్తితే "ఛీ, నాటు తిండి" అని మొహం చిట్లించేది.

అడవిలోని చెరువుగట్టు ఇకమీదట విశాల దృక్పథం ఉన్నవాళ్లకే అని సంఘం తీర్మానించింది.

సరిగ్గా అప్పుడే మంచుకొండల అవతలి నుంచి ఒక బాతు పిల్లతో సహా దిగింది. పిల్లకి ఇదే మొదటి ప్రయాణం. రెక్కలు వాల్చేసి గట్టు మీద కూలబడింది.

"చలికాలం ఇక్కడే ఉంటామయ్యా. ఏటా వచ్చేదాన్నే" అంది బాతు.

నెమలి పింఛం విప్పి ఇంటర్వ్యూ మొదలుపెట్టింది.

"ఏం తింటావు?"

"గరికండి."

"ఇంకా?"

"లేతది దొరక్కపోతే ముదురుదైనా సర్దుకుంటానండి."

కోతి పగలబడి నవ్వింది. "పిజ్జా ఎప్పుడైనా తిన్నావా?"

"దార్లో ఎక్కడా కనబళ్లేదు బాబూ. కొండలు, ఇసుక, మంచు, అవే."

"ఎక్కడికీ వెళ్లిన మొహంలా లేదు" అంది ఎలుగుబంటి.

"బొత్తిగా లోకజ్ఞానం లేదు. తెల్లారేసరికి గట్టు ఖాళీ చెయ్" అని నెమలి తేల్చేసింది.

"పిల్ల ఎగరలేదయ్యా. కాస్త కోలుకోనివ్వండి."

"ప్రపంచం ముందుకి పోతోందమ్మా. నీ పిల్ల కోసం ఆగుతుందా?"

ఆ సాయంత్రం సంఘానికి ప్రారంభోత్సవ విందు. మయొనైజు ఎండకి బాగా మాగి ఉంది. తెల్లారేసరికి విశ్వరుచులన్నీ పొట్టలో కలియబడి, సభ్యులంతా పొదల వెంట పరుగులు పెట్టారు. బాతుని వెళ్లగొట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.

చివరికి ఒక్కొక్కరే పాక్కుంటూ వచ్చి గట్టు మీద గరిక కొరికారు. చిన్నప్పుడు అమ్మలు నేర్పిన వైద్యం అది. కడుపులు కుదుటపడ్డాయి.

గట్టు మీదే పుట్టిపెరిగిన కుందేలు ముందుకొచ్చింది. "ఇప్పుడైనా అక్కని ఉండనివ్వండి సార్."

నెమలి దీర్ఘంగా ఆలోచించింది. మంచుకొండలు దాటొచ్చిన బాతు తినేది గరిక. అంటే గరిక విదేశీ వంటకం! అలాంటిదాన్ని ఈ కుందేళ్లు ఇన్నాళ్లూ ఊరికే నమిలేస్తున్నాయా?

ఆ పూటే గట్టు చుట్టూ ముళ్లకంచె లేచింది. గరిక ఇక సంఘ సభ్యులకే. కుందేలు కంచె బయట పడింది. లోకం చుట్టొచ్చిన బాతూ, దాని పిల్లా కూడా బయటే పడ్డాయి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"పిల్లతో ఎక్కడికి పోతావక్కా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది కుందేలు.

"పక్క అడవికి. అక్కడ ఇంకా లోకజ్ఞానం రాలేదట. నువ్వూ మెల్లగా నడిచి వచ్చెయ్" అంది బాతు. పిల్ల లేచి, తూలి, మళ్లీ లేచి, ఎలాగో గాల్లోకి ఎగిరింది.

నీతి: దృక్పథం ఎంత విశాలమైతే, గట్టు అంత ఇరుకు.