మంత్రిగారు వేసిన పిన్ను

ఉద్దానం తీరం ఇక పర్యాటకంలో అంతర్జాతీయ స్థాయికి పరుగులు తీస్తుందని, ఆ పరుగు కాశీబుగ్గ హైస్కూలు మైదానంలో కారవాన్‌తో మొదలవుతుందని మంత్రిగారు ప్రకటించారు. మంచం, వంటగది, ఏసీ అన్నీ ఉన్న ఆ చక్రాల బంగళాకు ఇంజను మాత్రం లేదు. జీపు కట్టి, మంత్రిగారిని ఎక్కించుకుని తీరందాకా లాగాలి. ఇరవై ఏళ్లుగా జీడిపిక్కల ట్రాలీలు లాగిన పైడిరాజుకు ప్రభుత్వం ఆ బాధ్యత అప్పగించింది.

పైడిరాజు పొంగిపోయాడు. బండిని చూసి కాదు, దారిని తలుచుకుని. తీరంలోని అతని ఊరికి గోతులే తప్ప రోడ్డు లేదు. తల్లి బొడ్డమ్మ కిడ్నీ జబ్బు మనిషి. వారానికి మూడుసార్లు ఆటోలో ఆ గోతుల మీదుగానే పలాస ఆసుపత్రికి వెళ్లి రావాలి. కొత్త రోడ్డు ఫైలు ఏడాదిగా మంత్రిగారి సంతకం కోసం కాచుకుని ఉంది. ఆయన నడుముకు ఒక్కసారి ఆ గోతులు తగిలితే సంతకం దానంతటదే పడుతుందని పైడిరాజు నమ్మకం.

అందుకే ముందురోజే శ్రద్ధగా బండి కట్టాడు. జీపు వెనక కొక్కెంలో కారవాన్ మూతిని కూర్చోబెట్టి పిన్ను వేశాడు. పిన్ను జారకుండా క్లిప్పు పెట్టాడు. పిన్ను విరిగినా బండి వదిలిపోకుండా రెండు గొలుసులు అడ్డంగా తగిలించాడు. గోతులు తగలాలి గానీ మంత్రిగారికి దెబ్బ తగలకూడదు కదా.

పొద్దున్నే అధికారి భాస్కరరావుగారు వచ్చి అన్నీ విప్పించారు. రిబ్బను కత్తిరించడం పాతబడిందట, మంత్రిగారు స్వహస్తాలతో పిన్ను వేస్తారట. గొలుసులు ఫొటోలో జైలును గుర్తుచేస్తాయట. దారి కనబడకుండా కారవాన్ కిటికీలన్నిటికీ బయటినుంచి మంత్రిగారి నవ్వుముఖాలు అంటించారు. లోపల టీవీలో సముద్రం ఆడుతుంది.

"గొలుసులు నేకపోతే బండి కట్టినట్టు కాదు బాబూ," అన్నాడు పైడిరాజు.

"సభ అయ్యాక కట్టుకోవయ్యా," అన్నారాయన.

ఉన్న ఆ ఒక్క పిన్నుకే వెండిరంగు వేసి, పసుపు పూసి అందిస్తే మంత్రిగారు వేశారు. చప్పట్లు. తీశారు. మాజీ మున్సిపల్ ఛైర్మన్ వేశాడు. తీశారు. పోటీ వర్గం అలగకుండా మొత్తం తొమ్మిదిమంది వేశారు. శంకుస్థాపన చేసినవారికి తాపీని బహూకరించే మన సంప్రదాయం ప్రకారం, ఆ పిన్నును శాలువాలో చుట్టి మంత్రిగారి పి.ఏ. శ్యాంసుందర్ చేతికిచ్చారు. అతను దానితోపాటు కారెక్కి, స్వాగత ఏర్పాట్లు చూడ్డానికి తీరానికి వెళ్లిపోయాడు.

మంత్రిగారు, భాస్కరరావుగారు కారవాన్ ఎక్కారు. ఏసీ ఆడడానికి జీపు ఇంజను వేసి, గొలుసులు తగిలించబోతూ పైడిరాజు కొక్కెం చూశాడు. అందులో పసుపు తప్ప ఏమీ లేదు. తలుపు తట్టాడు. ఏదున్నా తీరంలోనే మాట్లాడదామని, మళ్లీ తడితే ఉద్యోగం ఉండదని చెప్పి భాస్కరరావుగారు గడియ పెట్టుకున్నారు.

పైడిరాజు శ్యాంసుందర్‌కు ఫోన్ చేశాడు. "పిన్ను మీకాడుంది బాబూ. అది నేకుండా మడుసుల పేనాలతోటి ఆడుకోనేను."

ఇంజను ఆడుతూనే ఉంది. బండి నిలబడే ఉంది. ఆ గోతుల్లో పడి లేచి పిన్ను తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. తీరం చేరామనుకున్నారేమో, అప్పుడే కారవాన్ తలుపు తెరుచుకుంది.

పులిహోర పొట్లాల కోసం కూర్చున్న జనం మైదానంలో అలాగే ఉన్నారు. మంత్రిగారు చేతులు జోడించి, తీరంవాళ్లు అచ్చం కాశీబుగ్గవాళ్లలా ఉన్నారే అని మురిసిపోయారు. భాస్కరరావుగారు ఒకసారి జీపును, ఒకసారి స్కూలు బోర్డును చూశారు.

"జిల్లా అంతా ఒక్కటే కుటుంబమండి," అన్నారు.

విలేకరులు ప్రయాణం గురించి అడిగారు. "ఈ రోడ్డు మీదా అర్జీలు పెట్టేది?" అన్నారు మంత్రిగారు. "గంటన్నర కూర్చున్నాను. గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు." అక్కడికక్కడే ఫైలు తెప్పించి, కొత్త రోడ్డు అనవసరమని సంతకం చేశారు. అంత మెత్తగా బండి నడిపినందుకు పైడిరాజును దగ్గరికి పిలిచి, పిన్ను చుట్టిన శాలువానే అతని భుజాన కప్పారు.

ఇంటికొచ్చిన కొడుకును బొడ్డమ్మ ఒక్కమాటే అడిగింది. "బాబుగోరికి గోతులు తగిలినాయేట్రా?"

పైడిరాజు శాలువా తీసి ఆమె చేతిలో పెట్టాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్లే ఆటోలో ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, కింద వేసుకుని కూర్చుంది.