బాకాకి ఏడుపు నేర్పిన రోజు

పడుకున్న పాప లేస్తుందేమోనన్నదే ఆ ఇల్లాలికి అన్నిటికంటే పెద్ద భయం. పిడుగు పడినా తన కోసం భయపడదు. పాప లేస్తుందని పిడుగునే తిడుతుంది. అలాంటి మనిషికి బ్యాండులో బాకా వాయించే మొగుడు దొరికాడు. ఆ ఉదయం బ్యాండు మాస్టారు ఇంటికే వచ్చి వింటానన్నాడు. నచ్చితే సోలో ఇతనికి, లేకపోతే ఎప్పటిలాగే వెనక వరుస.

పాపని ఒక గదిలో పడుకోబెట్టాక, అతను పక్క గదిలో మ్యూట్లు బయటికి తీశాడు. బాకా మూతికి బిగించే బిరడాలవి.

"హమ్మయ్య! ఇవి పెడితే చప్పుడు తగ్గుతుందిగా?"

"తగ్గడానికి కాదే, రంగు మారడానికి."

"చప్పుడుకి రంగేమిటండీ?"

"విను మరి."

రేకు బిరడా పెడితే అదే స్వరం సూదిలా గుచ్చుకుంది. గిన్నెలాంటిది పెడితే దుప్పటి ముసుగులోంచి పాడినట్టుంది. చివరికి, సింకు పూడుకుంటే కొట్టే రబ్బరు కప్పుని కర్రనుంచి ఊడదీసి, బాకా మూతిని దానితో మూస్తూ తెరుస్తూ వాయించాడు. "వా... వా..."

ఆమె పాప గదిలోకి పరిగెత్తింది. పాప హాయిగా నిద్రపోతోంది.

"సోలోలో ఈ ఏడుపే కావాలి!" అన్నాడతను గర్వంగా. "కప్పు కొత్తదేలే, అలా చూడకు."

ఆ తర్వాత అతను బాకాని ఏడిపించినప్పుడల్లా ఆమె పరిగెత్తడం, పాప నిద్రలో ఉండటం. చివరిసారి తలుపు కిర్రుమనేసరికి పాప కాలు కదిపింది. ఇక చచ్చినా ఆ తలుపు తీయనని ఒట్టు పెట్టుకుంది.

ఇంతలో కింది వాటా పిన్నిగారు రొప్పుతూ వచ్చింది. "పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చేస్తున్నావమ్మా?"

"పాప కాదు పిన్నిగారూ, మావారు."

"అయ్యో రాత! మగాడు అంత ఏడుపు ఏడుస్తుంటే నువ్వు గిన్నెలు తోముకుంటున్నావా? ఉద్యోగం పోయిందా?"

"కాదండీ, రంగు కోసం..."

"ఏ రంగు కావాలన్నాడు? కొనివ్వకపోయావా తల్లీ!"

ఆ రంగు సంగతి ఆమెకే సరిగ్గా అర్థం కాలేదు, ఇంక పిన్నిగారికేం చెబుతుంది?

సరిగ్గా అప్పుడే, మాస్టారికి ఇల్లు దొరకదేమోనని అతను వెనక మెట్లమీదుగా దిగాడు. పాప లేస్తుందని ఎవరికీ చెప్పలేదు; చెప్పులు కూడా చేత్తో పట్టుకుని మరీ వెళ్ళాడు. మాస్టారేమో ముందు మెట్లెక్కి వచ్చి హాల్లో కూర్చున్నాడు. లోపలినుంచి "వా... వా..." అని వినిపించింది.

"మొదలెట్టేశాడే!" అని మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఒట్టు గుర్తుంచుకుని కదల్లేదు. పిన్నిగారు మాత్రం కళ్ళు ఒత్తుకుంది.

"ఆహా, ఏం రంగు! ఊపిరి తీసుకోడేం? నా జన్మలో ఇలాంటిది వినలేదమ్మా. సోలో ఇతనికే!"

ఆమె పొంగిపోయింది. "పొద్దుట్నుంచీ అదే పనండీ."

వీధి తలుపు తోసుకుని భర్త లోపలికొచ్చాడు. "మాస్టారూ, వచ్చేశారా! మీకోసం సందు చివరిదాకా వెళ్ళొస్తున్నాను."

మాస్టారు కళ్ళు తెరిచి, అతన్నీ లోపలి తలుపునీ మార్చి మార్చి చూశాడు. లోపల సోలో మాత్రం ఆగలేదు. ఆమె ఒక్క ఉరుకున వెళ్ళి, ఏడ్చేడ్చి కందిపోయిన పాపని భుజాన వేసుకుని వచ్చింది.

మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "చూడు బాబూ, ఈ సంగతి బ్యాండులో ఎవరికీ తెలియకూడదు."

"అలాగే మాస్టారూ. మరి సోలో?"

"నీదేనయ్యా! నా పరువు నీ చేతిలో పెట్టి, సోలో ఇంకొకడికి ఇస్తానా?"

మీ ఇంట్లో పసిబిడ్డ ఉండి, లోపలినుంచి మంచి సంగీతం వినబడుతుంటే, మెచ్చుకునే ముందు దయచేసి ఒక్కసారి వెళ్ళి బిడ్డని చూసి రండి.