ఏడో నంబరు కంకర కుప్ప

మనిషి నేల మీద నిలబడి చూసినంత కాలం తప్పులే చూశాడనీ, సత్యం నేలకు నూట ఇరవై అడుగుల ఎత్తున ఉంటుందనీ క్వారీ కొలతల శాఖ తీర్మానించింది. ఆనాటి నుంచి కంకర కుప్పలు కొలిచే బాధ్యత డ్రోనుది. (దానికి సెలవులు లేవు. చినుకు పడినా, దుమ్ము లేచినా మాత్రం ఎగరదు. క్వారీలో దుమ్ము లేవని రోజు కోసం శాఖ ఓపికగా ఎదురుచూస్తుంది.)

అంతకుముందు ఆ పని టేపాయనది. ముప్పై ఏళ్లు టేపు పట్టుకుని కుప్పల చుట్టూ తిరిగినందుకు ఆయనకు దక్కింది ఆ పేరే. క్వారీ అంచున రేకుల గదిలో ఆయనా భార్యా పందొమ్మిదేళ్లుగా కాపురం ఉంటున్నారు. గాలికి రేకులు లేచిపోకుండా కప్పంతా రాళ్లు పరిచాడు. ఒక్క రేకూ కనబడకుండా పరిచానని కాస్త గర్వం కూడా ఉండేది.

మొదటి నివేదిక వచ్చింది. క్వారీలో కుప్పలు ఆరు, నివేదికలో ఏడు. ఏడోది డెబ్బై రెండు ఘనమీటర్లు, మేలు రకం.

టేపాయన ఆఫీసుకు పరుగెత్తాడు. గగన కొలతల ఉపాధికారి ఆయనను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫొటో చూపించాడు. పైనుంచి చూస్తే నిజంగానే కంకర.

"అది మా ఇల్లండీ. లోపల మా ఆవిడ ఉంది."

"లోపలున్నవి డ్రోనుకు కనబడవు కదండీ. కొలతలో లేని మనిషిని నేనెలా రాసేది?"

ఉపాధికారి చెడ్డవాడేం కాదు, అభ్యంతర పత్రం ఇచ్చాడు. కుప్పతో మీకున్న సంబంధం ఏమిటని అందులో అడిగారు. టేపాయన 'కాపురం' అని రాశాడు. కుప్పలో కాపురానికి నిబంధన లేదని పత్రం తిరిగొచ్చింది.

పోనీ రాళ్లు దించేద్దామని కప్పెక్కితే కాపలావాడు కేకేశాడు. లెక్కకెక్కిన కంకర తీస్తే దొంగతనమట.

"ముప్పై ఏళ్లు వాళ్ల కుప్పలు కొలిచారు. మనది ఇల్లని చెప్పడానికి ఆ ఆఫీసులో ఒక్కడూ లేడా?" అంది భార్య. ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

నెలాఖరుకు ఏడో కుప్పను రోడ్డు పనికి తరలించమని ఆదేశం అందింది. లోడరు డ్రైవరు దయగలవాడు, సామాను బయట పెట్టుకునేదాకా ఆగాడు. లారీకి ఎక్కింది రెండు ఘనమీటర్లు. మిగతా డెబ్బై రవాణాలో తరుగు కింద నమోదు చేశారు.

మర్నాడు డ్రోను మళ్లీ ఎగిరింది. ఖాళీ నేల మీద, మంచం పక్కన, మొగుడూ పెళ్లాలిద్దరూ ఎండలో నిలబడి ఉన్నారు. సాయంత్రానికి నివేదిక వచ్చింది. కుప్పలు ఆరు, తేడా సున్నా. ఫొటోలో అడ్డొచ్చిన రెండు చిన్న మచ్చలను యంత్రమే గుర్తించి తుడిచేసిందని కింద రాశారు.