అందరికంటే ఎక్కువ స్పీడు

ఆ రోజు ఉదయం స్టోర్‌కీపర్ గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూసి, ఈ ముఖానికి ఎవరు ఉద్యోగమిస్తారులే అనుకున్నాడు. తాళాల ఫ్యాక్టరీకే తాళం పడి ఏడాది దాటింది. అతనిప్పుడు దేనికీ స్టోర్‌కీపర్ కాడు. అయినా వీధిలో వాళ్ళు అలాగే పిలుస్తున్నారు, పోయినవాళ్ళ నంబరు ఫోన్లోంచి తీసెయ్యడానికి చేతులు రానట్టు. పంపిన దరఖాస్తులన్నిటికీ కలిపి జవాబిచ్చింది ఒక్క కంపెనీయే. అది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్ముతుంది. ఫిర్యాదులు వినడానికి మనిషి కావాలట. పదకొండు గంటలకు వీడియోలో ఇంటర్వ్యూ.

టీ తాగుతూ అందరికీ తన పథకం వివరించాడు.

"పదిన్నర దాటాక ఎవరూ నెట్ ముట్టుకోకండి. మీ పనులేమున్నా ముందే కానిచ్చేసుకోండి."

భార్య, కూతురు, అత్తగారు ముగ్గురూ తలలూపారు. ఏడాదిగా ఆ ఇంట్లో అందరూ ఆస్పత్రి వరండాలో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటున్నారు. అతను ఏమన్నా ఎదురు చెప్పేవాళ్ళు లేరు. అదొక్కటి చాలు, మనిషి కుంగిపోవడానికి.

ఈ ఇంటర్వ్యూ కోసమే వారం కిందట అతను నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు. "ఇంట్లో నెట్ దేనికి వాడుతుంటారండీ?" అని అడిగింది అవతలి అమ్మాయి. "అవన్నీ ఎందుకమ్మా, అందరికంటే ఎక్కువ స్పీడున్నది ఇచ్చెయ్యండి" అన్నాడు. "స్పీడైతే పెరుగుతుందండీ, నెలకిచ్చే డేటా మాత్రం..." అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. "స్పీడుంటే చాలమ్మా" అని పెట్టేశాడు. ఆ రోజు నుంచి, స్పీడు నిజంగా వస్తోందా లేదా అని ఫోన్లో కొలుచుకోవడం అతనికి వ్యసనమైంది. ముల్లు కుడివైపు చివరికి కొట్టుకున్నప్పుడల్లా ఓ నిమిషం పాటు బతుకు మీద ఆశ పుట్టేది. ముల్లు పడిపోగానే మళ్ళీ కొలిచేవాడు.

అతని మాట అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. అక్కడే కొంప మునిగింది. కూతురు కాలేజీ పాఠాల వీడియోలన్నీ ఒక్కసారే దింపేసుకుంది. భార్య తాను కుట్టిన కర్టెన్ల వీడియోలు తీసి, కొనేవాళ్ళందరికీ పంపేసింది. అల్లుడికి అడ్డు రాకూడదని అత్తగారు తన టాబ్లెట్‌లో, తాను చూసే సీరియల్‌ను మొదటి భాగం నుంచి నిన్నటి దాకా దింపుకోవడానికి మీట నొక్కి, పుణ్యం చేసుకున్నంత తృప్తిగా కూర్చుంది.

పదిన్నరకు స్టోర్‌కీపర్ పైన కోటు, టై, కింద పైజామాతో కుర్చీలో కూర్చుని చివరిసారి స్పీడు చూశాడు. ముల్లు కదల్లేదు. దాని బదులు ఓ సందేశం వచ్చింది. ఈ నెల డేటా అయిపోయిందని, నెలాఖరు దాకా నెమ్మదిగా వాడుకోవచ్చని దాని సారాంశం.

"ఇదేంటే? అందరికంటే ఎక్కువ స్పీడు కదా మనది?" అన్నాడు కూతురితో.

"కుళాయి లావుది పెట్టించావు నాన్నా. ట్యాంకు పాతదే. తొందరగా ఖాళీ అవుతుంది మరి."

"ఎవరు ఖాళీ చేశారు?"

అత్తగారి ఒళ్ళో టాబ్లెట్ లోంచి ఏడుపు మాత్రం వినబడింది. సీరియల్లో ఎవరో పోయారు.

"ఏమండీ అత్తయ్యా, ఆ ఏడుపు ఒక్కరోజు వినకపోతే మీకు పొద్దు గడవదా? నా నోటి దగ్గర కూడు లాగేశారు కదండీ."

అన్న తర్వాత అతనికే ఆ మాట చేదుగా తగిలింది. ఆవిడ టాబ్లెట్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"మీరే కదా బాబూ, ముందే కానిచ్చుకోమన్నది" అని లోపలికి వెళ్ళిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అతను నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు. అదనపు డేటా కొనుక్కోవాలంటే మా వెబ్‌సైటు తెరవండి అంది ఓ గొంతు. వెబ్‌సైటు తెరవడానికి నెట్ కావాలి. తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మూసిన రోజు కూడా గేటు వైపు ఇలాగే చూశాడు.

ఈలోగా కూతురు అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని అటూ ఇటూ నొక్కింది.

"నాన్నా, అమ్మమ్మని ఊరికే అన్నావు. అందరికంటే ఎక్కువ తిన్నది నువ్వు స్పీడు కొలిచే యాప్. కొలిచినప్పుడల్లా గుప్పుమని లాగేస్తుంది. వారం రోజులుగా అదే పని కదా నీకు."

అతను తల ఎత్తలేదు. "ఇంకెవరి ఫోన్లోనైనా డేటా ఉందా?"

"మన ముగ్గురి ఫోన్లూ ఇంటి నెట్ మీదే బతుకుతున్నాయి. పిన్ని అమ్మమ్మ ఫోన్‌కి డేటా వేయించింది. ఆవిడ దాన్ని ముట్టుకోనే లేదు."

"ఆవిడేరి?"

వంటింటి గుమ్మంలోంచి భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. చెల్లి వాళ్ళింటికి పోతుందట. బస్టాపు దాకా కూడా నన్ను రావద్దంది."

స్టోర్‌కీపర్ కూతురి చేతిలోంచి తన ఫోన్ అందుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి పరుగందుకున్నాడు. కోటు, టై, పైజామా. మందుల షాపు ముందున్నవాళ్ళు దారిచ్చారు, ఎవరికో ప్రాణం మీదికొచ్చింది కాబోలని.

అత్తగారు బస్టాపు బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అల్లుణ్ణి చూసి లేవలేదు.

"నా కోసం వచ్చారా, నా ఫోన్ కోసం వచ్చారా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఊపిరి సరిపోలేదు. "ఫోన్ కోసమే బయల్దేరానండీ. దార్లో సిగ్గేసింది. తప్పంతా నాదే అత్తయ్యా. కూడు లాక్కున్నది మీరు కాదు, నేనే."

ఆవిడ కాసేపు రోడ్డు వైపు చూసింది. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. అప్పుడు సంచీలోంచి ఫోన్ తీసి ఇచ్చింది. అతను అందులోని డేటా తన ఫోన్‌కి అందేలా చేసి, ఆవిడ ఫోన్ ఆవిడకిచ్చి, పక్కనే కూర్చున్నాడు.

పదకొండు గంటలకు తెర మీద కళ్ళజోడు ఆవిడ ఒకరు, లావుపాటాయన ఒకరు కనిపించారు. వెనక బస్సుల రొదకి వాళ్ళేమీ అనలేదు. రెండు ప్రశ్నలయ్యాక లావుపాటాయన అన్నాడు. "ఇప్పుడు నేను కోపంగా ఉన్న కస్టమర్ని అనుకోండి. నా ఫ్రిజ్ పాడైంది. మీరెలా సముదాయిస్తారో చూద్దాం."

సరిగ్గా అప్పుడే అత్తగారి ఫోన్ మోగింది. అది పాత ఫోను, మాట్లాడుతున్నంతసేపూ అందులో నెట్ పనిచెయ్యదు. లావుపాటాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు.

"రావట్లేదే" అంటోంది అత్తగారు చిన్నకూతురితో. "అల్లుడుగారు టై కట్టుకుని మరీ బస్టాపుకొచ్చి బతిమాలుకున్నారు. ఒక్క మాట తూలితే ఇంత బాధపడే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. మీ ఆయనైతే నన్ను బస్సెక్కించి చెయ్యూపేవాడు."

ఫోన్ పెట్టెయ్యండి అనడానికి స్టోర్‌కీపర్‌కి నోరు రాలేదు. ఏడాదిగా అతని గురించి ఎవరూ ఓ మంచి మాట అనలేదు. తెర వైపు చూస్తూ, ఈ ఉద్యోగం కూడా పోయిందనుకుంటూ, ఆవిడ మాటలన్నీ విన్నాడు. ఆవిడ చిన్నల్లుడి తప్పులన్నీ ఏకరువు పెట్టి, తీరిగ్గా ఫోన్ పెట్టేసింది.

బొమ్మ కదిలింది. లావుపాటాయన చెమట తుడుచుకుంటున్నాడు. స్టోర్‌కీపర్ సిగ్గుపడుతూ తెర వైపు వంగాడు.

"మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. తప్పు మా వైపే ఉంది. దయచేసి మొదటి నుంచి మళ్ళీ చెప్పండి, వింటాను."

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక చాలన్నారు.

అతను అత్తగారి సంచీ మోసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరూ ఇంటర్వ్యూ ఊసెత్తలేదు. అందరూ మళ్ళీ మెల్లగా మాట్లాడుకోసాగారు. అతను టై మడిచి బీరువా అడుగున పెట్టేశాడు.

ఆశ వదులుకున్నాక, ఓ ఉదయం కళ్ళజోడు ఆవిడ ఫోన్ చేసింది.

"మిమ్మల్ని తీసుకుంటున్నామండీ. మావాడు నానా మాటలూ అంటుంటే మీ ముఖంలో రెప్ప కూడా కదల్లేదు. పైగా మొదటి నుంచి చెప్పమన్నారు. ఇన్నేళ్ళలో అలాంటి ఓర్పు మేం చూళ్ళేదు."

భార్య గోడకి చేరబడి ఏడ్చేసింది. అత్తగారు కూతురి వీపు నిమిరింది. స్టోర్‌కీపర్ ఆఫీసుకి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

"రానక్కర్లేదండీ, ఇంటి నుంచే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీడియోలోనే ఉండాలి. నెట్ మాత్రం మీదే. మీ ఇంట్లో నెట్ బాగానే ఉంటుంది కదా?"

స్టోర్‌కీపర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దాన్ని కూడా ఆవిడ ఓర్పు కిందే జమకట్టింది.