ఓవర్‌లోడు లేని ఇల్లు

"ఈ సెలవుల్లో ఏ ఇంట్లోనూ ఫ్యూజు పోవడానికి వీల్లేదు. పోయిందో, ఆ ఫ్యూజు మీద కఠిన చర్య తీసుకుంటాం" అని విద్యుత్ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇంత మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. అంతకు ముందున్న మంత్రులందరూ మనుషుల మీద చర్య తీసుకుంటామన్నవాళ్లే తప్ప ఫ్యూజుల జోలికి పోయే సాహసం ఒక్కరూ చేయలేదు.

మంత్రిగారి ఆవేదనలో అర్థం లేకపోలేదు. సెలవులు దగ్గర పడడం ఆలస్యం, జనం గుమ్మానికీ కిటికీకీ పిట్టగోడకీ రంగు బల్బులు కట్టేస్తారు. ఉన్న ఒక్క ప్లగ్గులో మల్టీప్లగ్గు, దాంట్లో ఇంకో మల్టీప్లగ్గు దూర్చి, వీధికంతటికీ సరిపడే లోడు ఒక్క తీగ నెత్తిన పెడతారు. తీగ కమిలిపోతుంది, గోడ నల్లబడుతుంది, ఒక్కోసారి ఇల్లే అంటుకుంటుంది. అందుకని 'ఓవర్‌లోడు రహిత సెలవులు' అనే బృహత్తర కార్యక్రమం పుట్టింది. రంగు బల్బులు కట్టని ఆదర్శ గృహం ఒకటి వెతికి పట్టుకుని, మంత్రిగారిని అక్కడికి తీసుకెళ్లాలని శాఖ తీర్మానించింది.

వెతికే పని నెత్తిన పడ్డ ఇంజినీరు గారు జీపులో ఊరంతా గాలించారు. ఎక్కడ చూసినా మిణుకు మిణుకులే. చివరికి ఓ సందులో, ధగధగలాడే ఇళ్ల నడుమ, ఊడిన పన్ను జాగాలా ఒక ఇల్లు చీకటిగా కనిపించింది. ఇంజినీరు గారికి ప్రాణం లేచొచ్చింది.

అది టైలరు ఇల్లు. ముందు గదే దుకాణం. టైలరు అప్పుడు మోటారు మిషను మీద ఎర్ర కోటుకి చేతులు కలుపుతున్నాడు. బ్యాండు ట్రూపు మాస్టరు ఇచ్చిన పని అది. సెలవుల మొదటి రోజుకల్లా ట్రూపు మొత్తానికి కొత్త కోట్లు కావాలి. సమయానికి అందిస్తే ఏడాది పొడుగునా వాళ్ల బట్టలన్నీ ఇతనే కుట్టొచ్చు. ఆలస్యమైతే గుడ్డంతా ఎదురు సందు టైలరుకి పోతుంది. అందుకే కొద్ది రోజులుగా టైలరు అన్నం కూడా మిషను బల్ల మీదే తింటున్నాడు.

"మీ ఇంటికి రంగు బల్బులు ఎందుకు కట్టలేదు?" అని ఇంజినీరు గారు గుమ్మంలోంచే అడిగారు.

టైలరు హడలిపోయాడు. కట్టకపోవడం కూడా నేరమేనేమో అనుకున్నాడు. "ఉండేది సార్ ఓ సీరియల్ సెట్టు. మా బావమరిది పట్టుకుపోయాడు. ఒక్క రోజుకని అడిగాడు. మూడేళ్లయింది."

"మా తమ్ముణ్ణి ఆడిపోసుకోకపోతే మీకు పొద్దుపోదు," అంది లోపలి నుంచి భార్య. "వాడెక్కడికి పోతాడు? వీలున్నప్పుడు ఇస్తాడు."

ఇంజినీరు గారు ఇదంతా చెవిన వేసుకోలేదు. 'స్వచ్ఛందంగా అలంకరణ త్యజించిన పౌరుడు' అని అప్పటికప్పుడే ఫోనులో పైవాళ్లకి చెప్పేశారు. టైలరు అసలు సంగతి ఇంకోసారి చెప్పబోయాడు గాని, 'టీవీలో వస్తారు' అన్న మాట వినపడగానే నోరు కట్టేసుకున్నాడు. మొదటి నుంచీ తనకి ఆర్భాటాలు గిట్టవన్న సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు మంత్రిగారి పీఏ వచ్చి ఇల్లు కలయజూశాడు.

"మంత్రిగారు ఇక్కడికొచ్చి ఏం చేస్తారు?"

"టైలరు గారిని అభినందిస్తారండీ," అన్నారు ఇంజినీరు.

"అభినందిస్తే ఫొటోలో ఏముంటుందయ్యా? అలంకరణ దీపాలు మంత్రిగారు స్వహస్తాలతో ఆర్పాలి. అప్పుడు కదా జనంలోకి వెళ్లేది!"

"ఆర్పడానికి ఈ ఇంట్లో దీపాల్లేవండీ. ఈ ఇంటి గొప్పే అది."

"లేకపోతే కట్టించండి."

ఇంజినీరు గారు కట్టించారు. కప్పు నుంచి గడప దాకా, కిటికీ ఊచలకి, చివరికి నీళ్ల డ్రమ్ముకి కూడా చుట్టారు. ఇంత తక్కువ వ్యవధిలో అన్ని బల్బులు అద్దెకివ్వగల సమర్థుడైన కాంట్రాక్టరు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. అతను టైలరు బావమరిది.

"ఏవండీ, ఇలా రండి," అని భార్య మెల్లిగా పిలిచింది. "ఇది మన సెట్టే. ఈ చివరి బల్బు రంగు పోతే నేను గోళ్ల రంగు పూశాను, గుర్తుందా?"

"చూశాను. వీలున్నప్పుడు ఇస్తాడన్నావుగా. ఇచ్చాడు, అద్దెకి."

ఆ పూటకి ఆవిడ మళ్లీ తమ్ముడి మాట ఎత్తలేదు.

ముందు గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. దానికి మిషను తగిలించి ఉంది. "ముందు ఇది పీకేయండి," అన్నారు ఇంజినీరు.

"సార్, ఇంకా సగం కోట్లు మిగిలే ఉన్నాయి."

"లోడయ్యా, లోడు! అవతల మంత్రిగారు ఓవర్‌లోడు గురించి మాట్లాడుతుంటే ఇవతల నువ్వు మోటారు తిప్పుకుంటూ కూచుంటావా?"

మిషను పీకేశారు. ఆ ఖాళీలో మల్టీప్లగ్గు వచ్చింది. దానికి రంగు బల్బులన్నీ తగిలించారు. తర్వాత టీవీ వాళ్ల ఫ్లడ్ లైట్లు, మైకు సెట్టు, మంత్రిగారికి చెమట పట్టకుండా ఏనుగంత కూలరు, అనుచరుల టీకి నీళ్లు కాచే బాయిలరు వచ్చి చేరాయి.

"ఇంత ఎక్కిస్తే ఫ్యూజు పోదాండీ?" అంది టైలరు భార్య.

"మంత్రిగారు వద్దన్నాక ఎలా పోతుందమ్మా?" అని ఇంజినీరు గారు నవ్వారు.

చీకటి పడుతుండగా మంత్రిగారు వచ్చారు. వారు కర్మవీరులు. వంతెనలు ప్రారంభించారు, మరుగుదొడ్లు ప్రారంభించారు, కూలిన వంతెనని కట్టాక మళ్లీ ప్రారంభించారు. ఎన్ని ప్రారంభించినా ఏదైనా ఆపే అవకాశం మాత్రం వారికి ఇంతవరకు రాలేదు. టైలరు భుజం మీద చెయ్యేసి పొదుపు గురించి అరగంట దంచి, చివరికి స్విచ్చి నొక్కారు.

రంగు బల్బులన్నీ ఆరిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. స్విచ్చి నొక్కాక నిశ్శబ్దం వినడం మంత్రిగారికి అదే మొదలు. పాపం, ఏదో పొరపాటు జరిగిందనుకుని వెంటనే మళ్లీ నొక్కారు. బల్బులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అలవాటు కొద్దీ జనం చప్పట్లు మోగించారు. మంత్రిగారి ముఖం చేటంత అయింది.

"ఆర్పాలి సార్," అని పీఏ చెవిలో గొణిగాడు.

"ఆర్పాను కదయ్యా!"

"మళ్లీ వెలిగించారు సార్."

"సార్, ఇంకోసారి, ఇటు చూస్తూ నొక్కండి," అని టీవీ వాళ్లు కేకేశారు. మంత్రిగారు నొక్కారు. నిశ్శబ్దం. అది భరించలేక మళ్లీ నొక్కారు. చప్పట్లు. ప్రజాభిప్రాయాన్ని అంతగా గౌరవించే నాయకుడు ఇంకొకరు ఉండరు. అలా ఆర్పుతూ వెలిగిస్తూ ఉండగా ప్లగ్గు దగ్గర కాలిన రబ్బరు వాసన వేసింది, గోడలోంచి పొగ లేచింది, టప్పుమని ఇల్లంతా చీకటైపోయింది.

చీకట్లోంచి మంత్రిగారి గొంతు ఒక్కటే వినిపించింది: "చూశారా? ఇదీ పొదుపంటే!"

ఈసారి చప్పట్లకి కిటికీలు అదిరాయి. మర్నాడు పేపర్లలో ఆ ఫొటో మొదటి పేజీలో వేశారు. ఫొటో అంతా నలుపు. కింద 'సందేశమిస్తున్న మంత్రిగారు' అని ఉంది.

ఆ పేపరు చంకలో పెట్టుకుని టైలరు ఇంజినీరు గారి ఆఫీసుకి వెళ్లాడు. "సార్, గోడలో తీగంతా కాలిపోయింది. దయుంచి లైను మార్చి కరెంటివ్వండి. కోట్లకి గడువు దగ్గర పడింది."

"ఎంత మాట! ఇప్పుడు మీ ఇంటి వాడకం సున్నా. రాష్ట్రంలో ఇంకే ఇల్లూ ఈ ఘనత సాధించలేదు. కరెంటిస్తే మళ్లీ మామూలు ఇల్లైపోదూ?"

"నాకు మామూలు ఇల్లే చాలు సార్."

"మీకు చాలు. శాఖకి చాలదు. చూడ్డానికి పొరుగు రాష్ట్రం నుంచి బృందం కూడా వస్తోంది. వాళ్లొచ్చి మీ మోటారు చూస్తే మా పరువేం కాను?"

ఉత్త చేతులతో టైలరు ఇంటికొచ్చేసరికి గుమ్మం పైన పెద్ద బోర్డు వెలుగుతూ ఉంది. 'రాష్ట్ర ప్రథమ ఓవర్‌లోడు రహిత గృహం'. దానికి కరెంటు వీధి స్తంభం నుంచి లాగారు. చుట్టూ సీరియల్ బల్బులు వెలిగి ఆరుతున్నాయి. గోళ్ల రంగు బల్బు కూడా వాటిలో ఉంది.

మోటారు పెట్టించినప్పుడే మిషను పెడలు పాతసామాను వాడికి అమ్మేశాడు కాబట్టి టైలరు ఇక సూదీ దారం పట్టాడు. పగలంతా చేత్తో కుట్టాడు. గడువు ముందురోజు సాయంత్రం గదిలో కన్ను పొడుచుకున్నా కానరాక, బోర్డు కింద స్టూలు వేసుకున్నాడు. భార్య పక్కన కూచుని గుండీలు కుట్టసాగింది. బల్బులు వెలిగినప్పుడు సూది దించి, ఆరినప్పుడు ఆగుతూ, ఇద్దరూ కోటు తర్వాత కోటు ముగిస్తున్నారు. ఇంకాసేపు కూచుంటే గట్టెక్కేవాళ్లే. అంతలో జీపు వచ్చి ఆగింది.

"ఇదేం పని?" అన్నారు ఇంజినీరు గారు దిగుతూనే. "ప్రభుత్వం వారి వెలుతుర్లో సొంత పనా?"

"ఎలాగూ పడుతోంది కదా సార్."

"పడితే వాడేసుకోవడమే? ఒక బోర్డు మీద ఇద్దరు పడితే దానికి లోడు ఎక్కదూ? రేపు అది కాలిపోతే జవాబెవరు చెప్తారు?"

టైలరు భార్యకి ఒళ్లు మండింది. చేతిలో కోటు విసిరికొట్టింది. "అయితే ఆ దిక్కుమాలిన బోర్డు ఆర్పేయండి! ఆ కరెంటేదో ఈ ఒక్క రాత్రికి లోపలికివ్వండి. చచ్చి మీ కడుపున పుడతాం."

ఇంజినీరు గారు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కేశారు.

"ఆర్పడమా? అది నా చేతుల్లో ఏముందమ్మా? ఆర్పాలంటే మంత్రిగారు రావాలి."

స్టూళ్లు రెండూ లోపల పెట్టించి, తలుపు వేయించి గాని ఆయన జీపెక్కలేదు. తెల్లవారగానే బ్యాండు మాస్టరు వచ్చాడు. మిగిలిన కోట్లు గుడ్డతో సహా మూట కట్టుకుని, టైలరు ముఖం కూడా చూడకుండా ఎదురు సందుకి పోయాడు. ఆ టైలరు ఇంటికి కప్పు నుంచి గడప దాకా బల్బులు వెలుగుతున్నాయి, మిషను గిర్రున తిరుగుతోంది.

సాయంత్రం పొరుగు రాష్ట్రం బృందం వచ్చినప్పుడు ఆదర్శ గృహం ముందు స్వాగతం వాయించింది ఆ ట్రూపే. కోట్లు చాలా బాగా కుదిరాయని బృందం వారు మెచ్చుకున్నారు.