నీళ్ళు తగలని పడవ

రేవు వీధిలో నివసించు యావన్మంది పౌరులకు తెలియజేయునదేమనగా, తూనికలు కొలతల శాఖలో ముప్పైమూడేళ్ళు పనిచేసి, ఒక్క మచ్చ కూడా పడకుండా రిటైరైన సూపరింటెండెంటు గారు తీరం వెంట తిరగడానికి అందుబాటు ధరలో ఒక పాత తెరచాప పడవ కొనదలచుకున్నారు. ఈ ప్రకటనను ఆయన స్వహస్తాలతో రాసి, చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, రేవు కార్యాలయం గోడకు నాలుగు మూలలా మేకులు కొట్టి మరీ తగిలించారు. అడుగున గమనిక అంటూ ఒక షరతు కూడా చేర్చారు. పడవ పాతదై ఉండవలెను. అయితే వాడినదై ఉండరాదు.

ఈ షరతు చదివి రేవులో కొందరు నవ్వుకున్నారని వినికిడి. వాళ్ళెవరూ సూపరింటెండెంటు గారి ఇల్లు చూసి ఉండరు. ఆ ఇంట్లో సోఫా కొని పదిహేడేళ్ళయినా దుకాణంలో తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. ఎండాకాలంలో వచ్చిన చుట్టాలు దాని మీద నుంచి లేవడానికి కాస్త శ్రమపడతారు. టీవీ రిమోటు ఒక కవరులో ఉంటుంది, ఆ కవరు పాడవకుండా మరో కవరులో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన చీటీ చెక్కుచెదరలేదు. హాల్లోని అద్దాల బీరువాలో, పెళ్ళికి ఎవరో ఇచ్చిన నీలిపూల టీ కప్పులు ఆరు, సాసర్లతో సహా, ఇంతవరకూ టీ మొహం చూడకుండా మిలమిలలాడుతున్నాయి. దంపతులిద్దరూ అంచులు విరిగిన పాత కప్పుల్లో తాగుతారు. బీరువా తాళంచెవి సూపరింటెండెంటు గారి చొక్కా జేబులో ఉంటుంది. వస్తువులను గౌరవించడం ఎలాగో ఆ ఇంటిని చూసి నేర్చుకోవాలి.

అటువంటి మనిషికి పడవ ఎందుకయ్యా అంటే, దానికో కారణం ఉంది. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం ఆయన ఇదే రేవు గట్టు మీద భార్య పక్కన కూర్చుని, ఎదురుగా కనిపించే దీపస్తంభం దీవిని వేలుపెట్టి చూపించి, "మన సొంత పడవలో నిన్ను అక్కడికి తీసుకెళ్తా. ఆ దీపస్తంభం మెట్ల మీద కూర్చుని ఇద్దరం టీ తాగుదాం" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ తర్వాత ముప్పైనాలుగేళ్ళపాటు ఆ విషయం పరిశీలనలో ఉండిపోయింది. రిటైరైన మర్నాడు ఆవిడ టీ ఇస్తూ చెప్పింది.

"ఏమండీ, ఈ ఏడు గాలి మళ్ళేలోపు తీసుకెళ్తే తీసుకెళ్ళండి. లేకపోతే ఇక ఆ మాట ఎత్తకండి. నేనూ ఎత్తను."

గాలి మళ్ళిందంటే ఆ తీరంలో చిన్న పడవలు ఏవీ సముద్రంలోకి దిగవు. అందుకు సరిగ్గా మూడు నెలల గడువుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే సూపరింటెండెంటు గారికి గుబులు పుట్టించింది. కోపం ఉంటే ఏదో ఒక సంజాయిషీ రాసి ఇవ్వొచ్చు.

ఆయన ఆలస్యం చేయలేదు. ఆ వారంలోనే పడవ ఎంపిక సంఘం ఏర్పాటైంది. సంఘానికి అధ్యక్షులు తామే. సభ్యులు ఇద్దరు. ఒకరు పక్కింటి పళ్ళ డాక్టరు, రెండోవారు భార్యకు తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ జన్మలో పడవ ఎక్కి ఎరగరు. కనుక నిర్ణయం నిష్పక్షపాతంగా ఉంటుందని మొదటి సమావేశంలోనే తీర్మానించారు. సూపరింటెండెంటు గారైతే సముద్రతీరంలో పుట్టి పెరిగి కూడా అలల్లో చీలమండ దాటి తడవనివారు. ఇక ఆయన నిష్పక్షపాతాన్ని శంకించే పనే లేదు.

పడవలను పరీక్షించడానికి నలభై ఒక్క ప్రశ్నలతో ఒక పత్రం తయారైంది. రంగు వెలిసిందా, గీతలు పడ్డాయా, తాళ్ళు మాసిపోయాయా, యజమాని సంతకం అన్ని కాగితాల మీదా ఒకేలా ఉందా మొదలైనవన్నీ అందులో ఉన్నాయి. నీటిలో ఎలా నడుస్తుంది అనే ప్రశ్న ఒక్కటి లేదు. ఒడ్డున నిలబడి తేల్చలేని ప్రశ్నలను చేర్చడం పద్ధతి కాదని అధ్యక్షులు వివరించగా సభ్యులు తలలూపారు.

మొదట చూసిన పడవ ఒక భూగోళం మాస్టారిది. తీరం ఈ చివర నుంచి ఆ చివర దాకా పదకొండుసార్లు తిరిగి వచ్చిందని మాస్టారు గొప్పగా చెప్పుకున్నారు. నేరం తానే ఒప్పుకున్నాక విచారణ సులువైపోయింది. పళ్ళ డాక్టరు పడవ కింద గొంతుక్కూర్చుని, చిన్న అద్దం పెట్టి చూసి, చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి, అడుగునంతా గార పట్టి ఉందని నిర్ధారించాడు. ఆ గార సముద్రంలో తిరిగే ప్రతి పడవకీ పట్టే గుల్లలని మాస్టారు చెప్పబోతే, "రోగులందరూ అలాగే అంటారండీ" అని నోరు మూయించాడు. రెండో పడవను బావమరిది వాసన చూసి తిరస్కరించాడు. అందులో సముద్రం వాసన వచ్చింది.

మూడోది అతుకులక్కది. రేవులో తెరచాపలు కుట్టే మనిషి ఆవిడ. జానెడు పొడవు సూది, అరచేతికి తోలుపట్టా, షెడ్డు నిండా కాన్వాసు గుట్టలు. ఆవిడ పడవ తెరచాపకు ఇరవై మూడు అతుకులున్నాయి. ఏ అతుకు ఏ గాలివానలో చిరిగితే వేసిందో, ఆ రోజు ఎంతమందిని ఒడ్డుకు చేర్చిందో ఆవిడ వరసగా చెబుతుంటే, సూపరింటెండెంటు గారు పత్రంలో "ఇరవై మూడుసార్లు విఫలమైనది" అని రాసుకున్నారు.

"చూస్తే ఏం తెలుస్తుంది సార్, ఎక్కండి. ఒక గంట తిప్పి తీసుకొస్తా" అంది అతుకులక్క.

నిర్ణయానికి ముందు ఎక్కితే అది ప్రలోభం కిందికి వస్తుందని ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. కాగితాల సంచీ పట్టుకుని వెంట వచ్చిన భార్యకు మాత్రం సంఘంలో ఎలాంటి పదవీ లేదు. ఆవిడ సంచీని తమ్ముడి చేతిలో పెట్టి, చెప్పులు గట్టు మీద విడిచి, ఎక్కి కూర్చుంది. గంటన్నర తర్వాత జుట్టంతా చెదిరి, కొంగు తడిసి, చిన్నపిల్లలా నవ్వుతూ తిరిగొచ్చింది. ఆ నవ్వు సూపరింటెండెంటు గారు చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు రాలేదు. ఒక్క నిమిషం ఈ పడవే కొనేద్దామా అనిపించింది. వెంటనే తేరుకుని, ముప్పైయెనిమిదో ప్రశ్న ఎదురుగా "ప్రయాణికురాలు తడిసినది" అని రాసి, సున్నా వేశారు.

"పడవ బాగుందండీ" అంది ఆవిడ.

"ఉద్రేకంలో నిర్ణయాలు తీసుకోకూడదు" అన్నారాయన.

ఇలా పంతొమ్మిది పడవలు చూశాక, గాలి మళ్ళడానికి పది రోజులుందనగా, ఇరవయ్యోది దొరికింది. ఊరి చివర ఒక కాంట్రాక్టరు గారి షెడ్డులో, చెక్క దిమ్మెల మీద, దుప్పటి కింద ఉంది. కొని పన్నెండేళ్ళు. పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడానికి తప్ప ఇంకెందుకూ వాడలేదని కాంట్రాక్టరు గారు ప్రమాణం చేశారు. తెరచాప కంపెనీ ప్లాస్టిక్‌లోనే ఉంది. చుక్కాని పిడికి చుట్టిన కాగితం కూడా తీయలేదు. దుప్పటి తొలగించగానే సూపరింటెండెంటు గారికి కళ్ళు చెమర్చాయి. తన మనసులాంటి మనసున్నవాడు ఈ లోకంలో ఇంకొకడున్నాడని ఆయనకు అప్పుడే తెలిసింది. పడవకు నూటికి నూరు మార్కులు వచ్చాయి.

అతుకులక్క వచ్చి చూసి, పడవ పక్కచెక్కల మీద చెయ్యి ఆనించి తల అడ్డంగా ఊపింది.

"చెక్క పడవ సార్ ఇది. నీళ్ళలో ఉంటేనే చెక్క ఉబ్బి సందులు పూడుకుంటాయి. పన్నెండేళ్ళు ఎండబెట్టారు. దింపారంటే జల్లెడే."

సొంత సరుకు అమ్ముడుపోనివారి మాటలను పట్టించుకోనవసరం లేదని బావమరిది సవరణ ప్రతిపాదించాడు. సవరణ నెగ్గింది.

ప్రారంభోత్సవానికి రేవు అధికారి విచ్చేశారు. పడవకు రిబ్బను కట్టారు. సూపరింటెండెంటు గారు పడవ మధ్యలో నిలబడి ఉపన్యసించారు. "మిత్రులారా, ఈనాడు సముద్రంలో తిరుగుతున్న పడవల్లో లోపం లేనిది ఒక్కటైనా ఉందా? చిరుగులు, అతుకులు, గీతలు! వాటికి కారణం ఏమిటని ఎవరైనా ఆలోచించారా? సముద్రమే. మనం సముద్రాన్ని నమ్మి పడవను పాడుచేసుకుంటున్నాం. ఈ పడవ మాత్రం..." అనేంతలో కాళ్ళకు చల్లగా తగిలింది. అప్పటికే పడవను నీళ్ళలోకి జార్చి ఉన్నారు. పక్కచెక్కల సందుల్లోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. రెండు చేతులతో తెరచాప కొయ్యను కావలించుకుని, బయటికి లాగేదాకా వదల్లేదు.

సంఘం అత్యవసరంగా సమావేశమై కారణాలు విచారించింది. పన్నెండేళ్ళు నేల మీద ఉన్నంతకాలం పడవలోకి ఒక్క చుక్క కూడా రాలేదు. నీటిలో పెట్టిన ఐదో నిమిషంలో వచ్చింది. కనుక లోపం నీటిదని తేలింది. తగిన నీరు లభించేవరకు పడవను గట్టు మీదే దిమ్మెలెక్కించి ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆనాటి నుంచి సంఘం సమావేశాలు పడవలోనే జరుగుతున్నాయి. ఎక్కడానికి నిచ్చెన వేశారు. పాదరక్షలు కింద విడవాలని బోర్డు పెట్టారు.

గాలి మళ్ళడానికి ఒక్క రోజు మిగిలింది. పొద్దున్నే సభ జరుగుతుండగా ఆవిడ వచ్చి నిచ్చెన కింద నిలబడింది. ఒక చేతిలో ఫ్లాస్కు, రెండో చేతిలో తువ్వాలు మూట.

"ఏమండీ, అతుకులక్క పడవ సిద్ధంగా ఉంది. దీవికి వెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేద్దాం. రండి."

తువ్వాలు మడత విప్పి చూపించింది. నీలిపూల కప్పులు రెండు. సూపరింటెండెంటు గారి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తాళంచెవి లేదు.

"మీకు నీళ్ళంటే భయమని పెళ్ళైన వారానికే నాకు తెలుసండీ" అందావిడ, సభ్యులకు వినపడనంత నెమ్మదిగా. "భయం ఉంటే ఉండనీండి. నా పక్కన కూర్చుని భయపడండి."

ఆయనకు దిగిపోదామనిపించింది. నిజంగానే అనిపించింది. ఒక కాలు నిచ్చెన మెట్టు మీద పెట్టారు కూడా. కానీ ముప్పైమూడేళ్ళ సర్వీసు కాలికంటే ముందు నోటిని కదిలించింది.

"కప్పులు జాగ్రత్త" అన్నారు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తువ్వాలు మళ్ళీ మడిచింది. "సరేనండీ" అని వెళ్ళిపోయింది.

ఇరవై మూడు అతుకుల తెరచాప గాలి నింపుకుని దీవి వైపు సాగింది. మధ్యాహ్నానికి సూపరింటెండెంటు గారు ఉండబట్టలేక, సంఘం కోసం తెప్పించిన దుర్భిణి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, దాని సీలు చింపారు. ఆయన చేతుల మీదుగా చిరిగిన మొదటి సీలు అదే. దుర్భిణిలోంచి దీపస్తంభం మెట్లు దగ్గరగా కనిపించాయి. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒక కప్పు భార్య చేతిలో ఉంది. రెండోది అతుకులక్క తాగుతోంది. తన కోసం తీసుకెళ్ళిన కప్పు అదేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"బావా, ఏం రాయమంటావు?" అని బావమరిది కలం పట్టుకుని అడిగాడు. ఆయన, ఇచ్చిన మాట కుటుంబ సభ్యురాలి ద్వారా నెరవేరినదనీ, కనుక విషయాన్ని ముగించడమైనదనీ రాయించారు. దుర్భిణిని తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టారు.

సాయంత్రం ఆవిడ కప్పులు కడిగి, బీరువాలో పెట్టకుండా వంటగదిలోనే బోర్లించింది. ఆయన బీరువాలో మిగిలిన నాలుగింటినీ కాస్త ఎడంగా జరిపి, ఖాళీ తెలియకుండా సర్ది, ఆవిడ తిరిగిచ్చిన తాళంచెవితో తాళం వేశారు. ఇక గట్టు మీది పడవకు ఊళ్ళో మంచి పేరు వచ్చింది. సెలవు రోజుల్లో జనం కుటుంబాలతో వచ్చి, చెప్పులు విడిచి, దాని చుట్టూ తిరిగి, ఒక్క గీత కూడా లేదని మెచ్చుకుని వెళ్తున్నారు. అలాంటిదే మరొకటి ఎక్కడైనా దొరుకుతుందా అని సంఘానికి దరఖాస్తులు కూడా అందుతున్నాయి.

సూపరింటెండెంటు గారి మీద జాలిపడుతున్న పాఠక మహాశయులు ఒకసారి లేచి, తమ ఇంట్లో అద్దాల బీరువా వైపు చూడవలసిందిగా మనవి. కప్పులు ఉన్నాయి కదా. భద్రంగానే ఉన్నాయి కదా. తొందరేమీ లేదు, అలాగే ఉంచండి. ఎప్పుడో ఎవరో బాగా కావలసినవాళ్ళు మీ ఇంటికి వస్తారు, అప్పుడు తీద్దురుగాని. ఈలోగా మీ పక్కనున్న మనిషికి ఆ అంచు విరిగిన కప్పులోనే టీ ఇవ్వండి.